జెర్మేనియం ఫజ్ పెడల్: అక్కర్లేని ఈల ఆగదు, మధ్యాహ్నానికి గొంతు పోతుంది

బెజవాడ_తీగలు · మే 9, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఇంట్లో గిటారు కోసం ఒక ఫజ్ పెడల్ (గిటారు స్వరాన్ని గరుకుగా మార్చే పెట్టె) కట్టాను. మామూలు ఫజ్ కాదు, తనంతట తాను ఆసిలేట్ అయ్యే రకం. జీ.వెక్స్ కంపెనీ ఫజ్ ఫ్యాక్టరీ పెడల్ విన్నవారికి వెంటనే అర్థమవుతుంది. ఒక నాబ్ తిప్పితే తీగ మీటకపోయినా పెడలే ఈల వేస్తుంది, ఆ ఈలను నాబ్‌తో పైకీ కిందికీ నడిపించవచ్చు. నాకు కావలసింది ఆ ఈలే.

సర్క్యూట్ ఇది. ముందు బూస్టరుగా 2ఎన్3904 సిలికాన్ ట్రాన్సిస్టరు. దాని వెనుక పాత రేడియో నుంచి తీసిన రెండు ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఫజ్ ఫేస్ అనే పాత పెడల్ పద్ధతిలో. మొదటిదాని కలెక్టరుకు 33 కె (కిలోఓమ్‌ల) రెసిస్టరు. రెండోదానికి పుస్తకాల్లో ఉండే 8.2 కె పెడితే కలెక్టరు దగ్గర 4.5 వోల్టులు రాలేదు, అందుకని 20 కె ట్రిమ్‌పాట్ (సవరించుకోగల చిన్న రెసిస్టరు) పెట్టాను. రెండోదాని ఎమిటరుకు 1 కె ఫజ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టరు), అక్కడి నుంచి మొదటిదాని బేసుకు 100 కె ఫీడ్‌బ్యాక్. ఏసీ128 పీఎన్‌పీ కనుక ఎమిటర్లు ప్లస్ 9 వోల్టుల వైపు ఉంటాయి, పెట్టె గ్రౌండు మాత్రం నెగటివ్. ప్లస్ లైనులో వరుసగా 5 కె పాట్ పెట్టి దాని పక్కన ‘స్టాబ్’ అని రాసుకున్నాను. ఆ పాట్ తరువాతే మూడు ట్రాన్సిస్టర్లకూ కరెంటు అందుతుంది. ఎల్‌ఈడీ ఇంకా పెట్టలేదు.

ఇబ్బందులు ఇవి. అడాప్టరుతో నడిపితే సెకనుకు ఐదారుసార్లు ‘టుప్ టుప్’ అంటుంది. బ్యాటరీ పెడితే ఆ చప్పుడు పోతుంది, కానీ వెనుక సన్నటి కీచు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. స్టాబ్ తిప్పితే నాకు కావలసిన ఈల వస్తుంది, దాని మీద ఈ కీచు కూర్చుంటుంది. మూడోది అన్నిటికన్నా విచిత్రం: ఉదయం చక్కగా మోగే పెడల్ మధ్యాహ్నం రెండయ్యేసరికి గొంతు పట్టేసినట్టు ముక్కలు ముక్కలుగా పలుకుతుంది. స్వరం మొదలవుతుంది, నిలవదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

సిలికాన్_సీమ · మే 9, రాత్రి 9:40

జెర్మేనియం రెండూ తీసి బీసీ557 పెట్టండి. మన ఎండల్లో జెర్మేనియంతో వేగలేం. నేను కట్టినవన్నీ సిలికానే, ఏడాది పొడవునా ఒకేలా మోగుతాయి.

బెజవాడ_తీగలు · మే 9, రాత్రి 9:52

సిలికాన్‌తో కట్టిన ఫజ్ ఒకటి నా దగ్గర ఉందండీ. గిటారు వాల్యూమ్ తగ్గించినప్పుడు జెర్మేనియం తేటపడే తీరు అందులో లేదు. ఈ ఏసీ128లతోనే దారి ఉందేమో చూడాలని ఉంది.

కోఠి_రేడియో · మే 10, ఉదయం 6:30

తమ్ముడూ, మీరు చెప్పింది ఒక జబ్బు కాదు, మూడు. మూడింటినీ కలిపి చూస్తే ఏ మందూ పనిచేయదు. ఒకదానికి వేసిన కెపాసిటరు ఇంకొకదాన్ని కప్పిపెడుతుంది, మనం బాగైందనుకుంటాం.

ఆసిలేట్ అయ్యే పెడల్‌ను బాగుచేయడం మామూలు యాంప్లిఫయరును బాగుచేయడం కన్నా కష్టం. యాంప్లిఫయరులో ఏ ఈల వినిపించినా దోషమే, చంపేయవచ్చు. ఇక్కడ ఒక ఈలను బతికించుకుంటూ మిగతావాటిని చంపాలి. కాబట్టి టంకం పెట్టె తీయకముందు ఒక్కొక్క ఈల ఎవరి మాట వింటుందో కనుక్కోవాలి. స్టాబ్ తిప్పితే స్థాయి మారే ఈల మీది. చేయి దగ్గరికి తెచ్చినప్పుడు, తీగను కదిపినప్పుడు మారేది తీగల ఈల. అడాప్టరు మారిస్తే మారేది కరెంటు ఈల. మధ్యాహ్నం గొంతు పోవడం ఈలే కాదు, అది బయాస్, అంటే సంకేతం లేనప్పుడు ట్రాన్సిస్టరు నిలిచే వోల్టేజీ, జారడం.

ముందు ఈ మూడు చూసి చెప్పండి. బ్యాటరీ మీద నడుపుతూ, మూత తీసి, ఎండిన వెదురు పుల్లతో (లోహం వద్దు, వేలు వద్దు) ఒక్కొక్క తీగను అటూ ఇటూ జరపండి. ఏ తీగ దగ్గర కీచు మారుతుందో రాయండి. రెండోది, అడాప్టరు మీద ఉన్నప్పుడు ఏ నాబ్ అయినా ‘టుప్ టుప్’ వేగాన్ని మారుస్తుందా? మూడోది, స్టాబ్‌ను పూర్తిగా తెరిచి, అంటే నిరోధం సున్నా చేసి, రెండో ఏసీ128 కలెక్టరు దగ్గర వోల్టేజీ ఉదయం ఎంత, మధ్యాహ్నం రెండింటికి ఎంత? పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాయండి.

ప్రతిధ్వని · మే 10, ఉదయం 9:05

రేడియో మాస్టారు చెప్పిన క్రమం బాగుంది. ‘టుప్ టుప్’ గురించి ఒక మాట కలుపుతాను.

పీఎన్‌పీ ఫజ్‌ను నెగటివ్ గ్రౌండుతో కడితే ఒక చిక్కు ఉంటుంది. గిటారు నుంచి వచ్చే సంకేతానికి ఆధారం గ్రౌండు. ట్రాన్సిస్టరుకు మాత్రం ఆధారం తన ఎమిటరు, అది ప్లస్ లైనుకు కట్టి ఉంది. కాబట్టి ప్లస్ లైను ఏ కొంచెం ఊగినా ఆ ఊపు సంకేతంతో సమానంగా బేసు-ఎమిటరు మధ్య చేరి, అన్ని దశల్లోనూ పెద్దదై బయటికి వస్తుంది. చివరి దశ లాగే కరెంటు మళ్ళీ అదే లైనును ఊపుతుంది. చుట్టూ తిరిగి వచ్చేసరికి గెయిన్ (ఎన్ని రెట్లు పెరిగిందన్న లెక్క) ఒకటికి తగ్గకపోతే, దశ కూడా కలిస్తే, ఆసిలేషన్ ఖాయం. నెమ్మదిగా జరిగితే దాన్నే మోటర్‌బోటింగ్ అంటారు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వారు ఫజ్ ఫేస్ తెచ్చినప్పుడు పాజిటివ్ గ్రౌండుతోనే కట్టారు, అది బ్యాటరీతోనే నడిచేది. అక్కడ ఈ చిక్కు రాదు.

నా అనుమానం ఇదే. ప్లస్ లైనుకూ గ్రౌండుకూ మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి, దాని పక్కన 0.1 ఒకటి వేస్తే పోతుంది.

కోఠి_రేడియో · మే 10, ఉదయం 9:30

పోవచ్చు. కానీ ఆ కెపాసిటరు ఎక్కడ వేయాలి? స్టాబ్ పాట్‌కు అడాప్టరు వైపా, ట్రాన్సిస్టర్ల వైపా? ఆయనకు కావలసిన ఈల పుట్టేదే ఆ పాట్ వల్ల లైను మెత్తబడినప్పుడు. ట్రాన్సిస్టర్ల వైపు 100 మైక్రోఫారడ్ వేస్తే లైను మళ్ళీ గట్టిపడుతుంది. అక్కర్లేని చప్పుడుతోపాటు పాట కూడా పోతుంది.

ప్రతిధ్వని · మే 10, ఉదయం 9:41

నిజమే, ఈ సర్క్యూట్‌లో అది ముఖ్యం. అడాప్టరు వైపే వేయాలి. పాట్ దాటాక ఏమీ వద్దు, వేసినా 0.01 కన్నా పెద్దది వద్దు.

టొరంటో_టోన్ · మే 10, రాత్రి 7:20

మాది గుంటూరు, ఇప్పుడు కెనడాలో ఉంటున్నాను. అడాప్టరు విషయంలో నాకు ఇంకో అనుమానం. మీ పెడల్ మొత్తం లాగే కరెంటు ఒకటి, ఒకటిన్నర మిల్లీఆంపియర్లకు మించదు, ఎల్‌ఈడీ కూడా లేదు. ఇప్పటి స్విచింగ్ అడాప్టర్లలో చాలావాటికి అంత తక్కువ భారం సరిపోదు. విద్యుత్తు ఆదా కోసం అవి ఒక గుక్క కరెంటు పంపి కాసేపు ఆగి మళ్ళీ పంపుతాయి. ఆ గుక్కలే మీకు వినిపిస్తున్నాయేమో. అప్పుడు దోషం పెడల్‌లో లేనట్టే.

చూడడం సులభం. అడాప్టరు ప్లస్, మైనస్‌ల మధ్య 1 కె రెసిస్టరు పెట్టండి, 9 మిల్లీఆంపియర్ల భారం పడుతుంది. పావు వాటు రెసిస్టరు చాలు. ‘టుప్ టుప్’ వేగం మారినా, ఆగినా అది అడాప్టరు పనే. ఏ మార్పూ లేకపోతే ప్రతిధ్వని గారు చెప్పినట్టు లైను ఆసిలేషన్.

బెజవాడ_తీగలు · మే 11, మధ్యాహ్నం 2:35

చెప్పినవన్నీ చూశాను. వివరంగా రాస్తాను.

అడాప్టరు: ఏ నాబ్ తిప్పినా ‘టుప్ టుప్’ వేగం మారలేదు. 1 కె రెసిస్టరు పెట్టగానే వేగం ఎంతో పెరిగి దాదాపు సన్నని గురగురలా మారింది. దాని పక్కన ఇంకో 1 కె పెడితే పూర్తిగా ఆగింది. టొరంటో గారి అనుమానమే నిజం.

కీచు: వెదురు పుల్లతో కదిపితే ఒకే ఒక్క తీగ దగ్గర మారుతుంది. వాల్యూమ్ పాట్ నుంచి ఫుట్‌స్విచ్‌కు వెళ్ళే తీగ అది. విచిత్రం ఏమిటంటే దాన్ని ఇన్‌పుట్ జాకు దగ్గరికి తెస్తే పెద్దగా తేడా లేదు. బోర్డు మధ్యలోకి, బూస్టరుకూ మొదటి ఏసీ128కూ మధ్య ఉన్న కెపాసిటరు మీదికి తెస్తే కీచు గట్టిపడుతుంది. దూరం జరిపితే ఆగిపోతుంది.

వోల్టేజీ: ఉదయం ఆరున్నరకు గది 29 డిగ్రీలు, కలెక్టరు 4.6. ఇప్పుడు గది 39, కలెక్టరు 2.6. ఇది రాస్తుండగానే 2.5కు దిగింది.

కోఠి_రేడియో · మే 11, సాయంత్రం 4:10

చాలా చక్కగా చూశారు. ఇంత శుభ్రంగా వివరాలు రాసేవాళ్ళు తక్కువ.

తీగ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అందులో నేర్చుకోవలసింది ఉంది. అవుట్‌పుట్ తీగ ఇన్‌పుట్ తీగను తాకకూడదని అందరూ చెబుతారు. మీ పెడల్‌లో దశలు మూడు. ఒక్కో దశ సంకేతాన్ని తలకిందులు చేస్తుంది, మూడుసార్లు తలకిందులైతే అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కు వ్యతిరేకంగా ఉంటుంది. ఆ రెండూ దగ్గరైతే ఒకదాన్నొకటి కొంత తగ్గించుకుంటాయి. బూస్టరు దాటిన తరువాతి చోటు నుంచి లెక్కపెడితే మాత్రం రెండుసార్లే తలకిందులు. అంటే అక్కడి సంకేతమూ అవుట్‌పుట్టూ ఒకే దిక్కున ఊగుతాయి. అందుకే ఆ కెపాసిటరు మీదుగా తీగ పోతే గాలిలోంచే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ దొరుకుతుంది. రెండు ట్రాన్సిస్టర్ల మామూలు ఫజ్ ఫేస్‌లో అయితే ఇన్‌పుట్ దగ్గరే ఈ ప్రమాదం.

మందు: ఆ తీగను బోర్డు మీదుగా కాకుండా పెట్టె అంచు వెంబడి తిప్పండి. తొడుగు ఉన్న షీల్డు వైరు వాడి, తొడుగును ఒక్క కొసన మాత్రమే గ్రౌండుకు కలపండి. అల్యూమినియం పెట్టెనూ గ్రౌండుకు కలపడం మరవద్దు. ఇంత చేశాకా కొంచెం మిగిలితే 2ఎన్3904 కలెక్టరుకూ బేసుకూ మధ్య 100 పికోఫారడ్ వేయండి, పై స్థాయిలు కాస్త తగ్గి కీచు ఆగుతుంది. కానీ ముందే వేయవద్దు. తీగ దోషానికి కెపాసిటరు వేస్తే గిటారు మెరుపు పోతుంది.

ఇక జెర్మేనియం. మీ 4.6 నుంచి 2.6 పడిపోవడం చూస్తే మొదటి ఏసీ128 లీకేజీ (బేసుకు ఏమీ ఇవ్వకపోయినా తనంతట కారే కరెంటు) అని తెలుస్తూనే ఉంది. జెర్మేనియం లీకేజీ దాదాపు ప్రతి పది డిగ్రీలకూ రెట్టింపవుతుంది. మొదటి ట్రాన్సిస్టరు లీకేజీ పెరిగేకొద్దీ దాని కలెక్టరు ప్లస్ లైను వైపు జరుగుతుంది, రెండోదానికి బేసు కరెంటు చాలదు, దాని కలెక్టరు గ్రౌండు వైపు పడిపోతుంది. అప్పుడు గట్టిగా మీటినప్పుడే శబ్దం దాటుతుంది, తోక తెగిపోతుంది. మీరు రాసిన లక్షణం అదే.

ప్రతిధ్వని · మే 11, సాయంత్రం 4:55

లెక్క వేసి చూశాను. 33 కె గుండా పారేది సుమారు పావు మిల్లీఆంపియరు. గెయిన్ 90 దగ్గర ఉంటే బేసుకు కావలసింది 3 మైక్రోఆంపియర్ల లోపే. అందులో ఒక మైక్రోఆంపియరు లీకేజీగా తనంతట తానే వస్తే, 100 కె గుండా రావలసింది అంత తగ్గుతుంది. 100 కెలో ఒక మైక్రోఆంపియరు అంటే 0.1 వోల్టు. రెండో ఎమిటరు దగ్గర 0.1 వోల్టు తేడా వస్తే 1 కె గుండా 0.1 మిల్లీఆంపియరు తేడా. మీ ట్రిమ్‌పాట్ 14 కె దగ్గర ఉందనుకుంటే కలెక్టరు దగ్గర 1.4 వోల్టులు! ఒక్క మైక్రోఆంపియరుకు ఇంత. దీన్నిబట్టి మొదటి స్థానంలో ఏ ట్రాన్సిస్టరు ఉంటుందన్నదే అసలు విషయం.

బెజవాడ_తీగలు · మే 11, రాత్రి 8:20

ట్రిమ్‌పాట్ కొలిచాను, 14.2 కె. మీ అంచనాకు దండం.

మరి లీకేజీ ఎలా కొలవాలి? మల్టీమీటరులో ట్రాన్సిస్టరు గుచ్చే రంధ్రాల్లో పెడితే మొదటిది 98 చూపిస్తుంది.

కోఠి_రేడియో · మే 12, ఉదయం 6:10

ఆ రంధ్రాలు సిలికాన్‌కు సరే, జెర్మేనియం విషయంలో లీకేజీని కూడా గెయిన్‌లో కలిపి చూపిస్తాయి. గిటారు పెడళ్ళు కట్టేవారిలో ఆర్.జీ. కీన్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఒకటి ఉంది, దాన్నే వాడండి.

2.2 కె, 270 ఓమ్‌లు వరుసగా కలిపితే 2.47 కె. ఏసీ128 ఎమిటరును 9 వోల్టుల ప్లస్‌కు, కలెక్టరును ఈ 2.47 కె గుండా మైనస్‌కు కలపండి. బేసును గాలికి వదిలేయండి. రెసిస్టరు రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి, అది లీకేజీ. తరువాత బేసును 2.2 మెగాఓమ్‌ల గుండా మైనస్‌కు కలపండి. బేసులోకి సుమారు 4 మైక్రోఆంపియర్లు పారుతాయి, రెసిస్టరు మీద వోల్టేజీ పెరుగుతుంది. పెరిగిన వోల్టేజీని నూరుతో గుణిస్తే అసలు గెయిన్. 2.47 కె ఎంచుకున్నది ఈ గుణకారం నోటితో చేయడానికే.

ఒక జాగ్రత్త. ట్రాన్సిస్టరును వేళ్ళతో పట్టుకుని గుచ్చితే ఒంటి వేడికే లీకేజీ ఎగబాకుతుంది. పటకారుతో గుచ్చి, అంకె నిలిచేదాకా కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు రాసుకోండి. ఉదయం ఒకసారి, ఎండ ముదిరాక ఒకసారి.

శ్రుతిపెట్టె · మే 12, ఉదయం 10:45

ఇది కొంచెం పక్కదారి ప్రశ్న, కానీ అడగకుండా ఉండలేను. నేను గిటారుపై కర్ణాటక సంగీతం వాయిస్తాను, మూడు శ్రుతిలో. ఈ పెడల్ ఈలను మూడు శ్రుతి షడ్జమానికి పట్టి తంబురాలా నిలపవచ్చా? ఫజ్‌లోంచి వచ్చే ఆ గరుకు నాదం కింద నిలిచి ఉంటే ఆలాపనకు ఎంత బలమో ఊహించుకుంటున్నాను.

టొరంటో_టోన్ · మే 12, రాత్రి 6:50

నిలపడం కష్టమండీ. ఈల స్థాయిని నిర్ణయించేవి లైను వోల్టేజీ, ట్రాన్సిస్టర్ల బయాస్, కెపాసిటర్లు, చివరికి గిటారు పికప్ కూడా. గిటారు వాల్యూమ్ నాబ్ తిప్పినా ఈల జరుగుతుంది, ఎందుకంటే ఈ సర్క్యూట్ ఇన్‌పుట్ నిరోధం తక్కువ, పికప్ తీగచుట్ట నేరుగా సర్క్యూట్‌లో భాగమైపోతుంది. గది వేడి మారితే స్థాయి మారుతుంది. మా ఇంట్లో చలికాలం నేలమాళిగ 15 డిగ్రీలు ఉంటుంది. అక్కడ సరిచేసిన నా పెడల్ వేసవిలో పైగదికి తెస్తే ఈల ఇంకెక్కడో పలుకుతుంది, కలెక్టరు వోల్టేజీ కూడా మీలాగే కిందికి జారుతుంది. దిశ ఒకటే, మనం మొదలయ్యే చోటు వేరు.

కానీ షడ్జమం మీద నిలవకపోయినా దాని చుట్టూ జరగడమే ఈ పెడల్ అందం. ఫజ్ ఫ్యాక్టరీని 1995లో తెచ్చిన జాకరీ వెక్స్ అందులోని ఐదు నాబ్‌లకూ పేర్లు పెట్టారు: వాల్యూమ్, గేట్, కంప్రెషన్, డ్రైవ్, స్టెబిలిటీ. ఆ చివరిదాన్ని స్థిరత్వం వైపు కాక అస్థిరత్వం వైపు తిప్పినప్పుడే సంగీతం మొదలవుతుంది. మ్యూజ్ బృందం గిటారిస్టు మాట్ బెలమీ ఆ సర్క్యూట్‌ను గిటారు లోపలే పెట్టించుకున్నారు, వాయిస్తూ చేతి కిందే తిప్పుకోవడానికి.

శ్రుతిపెట్టె · మే 12, రాత్రి 7:30

గమకంలా వాడుకోవచ్చన్నమాట. అయితే నేనూ ఒకటి కడతాను. ఏసీ128లు ఎక్కడ దొరుకుతాయి?

కోఠి_రేడియో · మే 13, ఉదయం 6:20

హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో పాత సరుకు ఉన్న దుకాణాల్లో అడగండి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, ముంబైలో లామింగ్టన్ రోడ్డు. అన్నిటికన్నా మంచిది పాత ట్రాన్సిస్టరు రేడియోలు. 1960లు, 70ల నాటి రేడియోల్లో స్పీకరును నడిపే చివరి దశలో ఏసీ128 జంట తరచూ కనిపిస్తుంది. అటకల మీద మూగబోయి పడి ఉన్న రేడియో ఉంటే తెరిచి చూడండి. అయితే మళ్ళీ మోగించగల రేడియోను మాత్రం విప్పవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. అలాంటివి ఇంకెన్నో మిగలలేదు.

కొత్తగా కొంటే నకిలీల బెడద ఉంది. సిలికాన్ ట్రాన్సిస్టరు మీద అంకె చెరిపి ఏసీ128 అని అచ్చువేసి అమ్ముతారు. మల్టీమీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి బేసు-ఎమిటరు మధ్య చూడండి. జెర్మేనియం అయితే 0.15 నుంచి 0.3 వోల్టుల లోపు. 0.6, 0.7 చూపిస్తే అది సిలికాన్, తిరిగి ఇచ్చేయండి.

సిలికాన్_సీమ · మే 13, ఉదయం 8:15

నేను ముందు చెప్పిన మాట నిలబెట్టుకుంటూనే ఒకటి ఒప్పుకోవాలి, ఈ చర్చ చూశాక నాకూ జెర్మేనియం ఒకసారి కట్టి చూడాలనిపిస్తోంది. మధ్యేమార్గం ఒకటి చెబుతాను. వేడికి లొంగేది ముఖ్యంగా మొదటి ట్రాన్సిస్టరు అని లెక్క చెబుతోంది కదా. అక్కడ గెయిన్ తక్కువ ఉన్న సిలికాన్ పీఎన్‌పీ, రెండో స్థానంలో జెర్మేనియం పెడితే బయాస్ నిలకడగా ఉంటుంది, జెర్మేనియం మెత్తదనం కొంతైనా దక్కుతుంది. బయట పందిళ్ళలో కచేరీ చేసేవారికి ఇది మంచి ఏర్పాటు. నల్ల పెట్టె మీద ఎండ పడితే లోపల 50 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు.

బెజవాడ_తీగలు · మే 13, మధ్యాహ్నం 3:05

కొలతలు పూర్తయ్యాయి. ఉదయం 29 డిగ్రీల దగ్గర:

మొదటి స్థానంలో ఉన్నది: బేసు వదిలేస్తే 0.25 వోల్టు, కలిపితే 1.13. అంటే గెయిన్ 88, లీకేజీ 0.1 మిల్లీఆంపియరు. మీటరు చూపిన 98లో పది లీకేజీయే.

రెండో స్థానంలో ఉన్నది: 0.12, కలిపితే 0.82. గెయిన్ 70, లీకేజీ 0.05 మిల్లీఆంపియరు.

ఇప్పుడు గది 39. మొదటిదాని లీకేజీ వోల్టేజీ 0.25 నుంచి 0.51కి ఎక్కింది. మాస్టారు చెప్పిన ‘పది డిగ్రీలకు రెట్టింపు’ నా బల్ల మీదే కళ్ళారా చూశాను. రెండోది 0.24.

కోఠి_రేడియో · మే 13, సాయంత్రం 4:00

తమ్ముడూ, మీ చేతిలో మంచి జంటే ఉంది, స్థానాలు తారుమారయ్యాయి, అంతే. ఫజ్ ఫేస్‌లో మొదటి స్థానానికి గెయిన్ 70 దగ్గర, రెండోదానికి అంతకన్నా ఎక్కువ ఉండాలని కట్టేవారందరూ కోరుకుంటారు. మీ 70 గెయిన్‌దానికి లీకేజీ కూడా సగమే. రెండింటినీ మార్చి పెట్టండి. టంకం వేసేటప్పుడు కాళ్ళను పటకారుతో పట్టుకుంటే వేడి పటకారులోకి పోతుంది, జెర్మేనియం ఎక్కువ వేడికి తట్టుకోదు. ఇంకా మంచిది, ట్రాన్సిస్టరు సాకెట్లు వేయండి. రేపు ఇంకో జంట దొరికితే గుచ్చి చూసుకోవచ్చు.

తరువాత ట్రిమ్‌పాట్ సవరించండి. ఉదయం సరిగ్గా 4.5 పెట్టవద్దు. మీ రోజు మొత్తం మీద మధ్యలో 4.5 వచ్చేలా, ఉదయం 5 దగ్గర పెట్టండి.

ప్రతిధ్వని · మే 13, సాయంత్రం 4:25

5 దగ్గర పెడితే 39 డిగ్రీలకు 4 చుట్టుపక్కల నిలవాలి. లెక్క అలా చెబుతోంది.

అడాప్టరుకు కూడా శాశ్వత ఏర్పాటు చేసుకోండి. పెట్టె లోపల, స్టాబ్ పాట్‌కు ముందే ఈ వరుసలో: అడాప్టరు ప్లస్ దగ్గర గ్రౌండుకు భారంగా 470 ఓమ్‌లు, అక్కడి నుంచి ముందుకు 100 ఓమ్‌లు, ఆ తరువాత గ్రౌండుకు 470 మైక్రోఫారడ్. 470 ఓమ్‌లు అంటే 19 మిల్లీఆంపియర్లు, మీరు పెట్టిన రెండు 1 కెలకు సమానం. అందులో 0.17 వాటు వేడి పుడుతుంది కనుక అర వాటు రెసిస్టరు వాడండి, ట్రాన్సిస్టర్లకు దూరంగా పెట్టండి. ఈ భారం అడాప్టరు జాకుకే ఉండాలి, బ్యాటరీ వైపు వస్తే బ్యాటరీని ఊరికే తాగేస్తుంది. వరుసలో ఉన్న 100 ఓమ్‌ల మీద మీ ఒకటిన్నర మిల్లీఆంపియర్లకు పడేది 0.15 వోల్టే, దిగులు అక్కర్లేదు. ప్లస్, మైనస్ తారుమారైతే రక్షణకు 1ఎన్5817 డయోడు వరుసలో వేయండి.

బెజవాడ_తీగలు · మే 15, మధ్యాహ్నం 2:50

గది ఈ క్షణాన 40 డిగ్రీలు, ఫ్యాను వేడిగాలి విసురుతోంది, పెడల్ మోగుతోంది!

సాకెట్లు వేసి ట్రాన్సిస్టర్ల స్థానాలు మార్చాను. ఉదయం కలెక్టరు 5.0 పెట్టాను, ట్రిమ్‌పాట్ 11.4 కె దగ్గర ఆగింది. ఇప్పుడు 3.9 ఉంది. స్వరం తోక తెగడం లేదు, మీటిన తీగ చివరిదాకా పలికి మెల్లగా అణగుతుంది. అవుట్‌పుట్ తీగ తీసి షీల్డు వైరుతో అంచు వెంబడి తిప్పాను, కీచు మాయమైంది. 100 పికోఫారడ్ అవసరమే రాలేదు. అడాప్టరు మీద కూడా ఇప్పుడు నిశ్శబ్దం.

స్టాబ్ ఈల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంతకుముందు కీచు దాన్ని కప్పేసేది. ఇప్పుడు నాబ్‌ను మూడు వంతులు తిప్పేసరికి ముందు ఒక బొంగురు గొణుగుడు మొదలై, ఇంకొంచెం తిప్పితే గొంతు విప్పుకుని పైకి లేస్తుంది. ఆరో తీగ మీటితే ఈల ఆ స్వరానికి లొంగి దాని వైపు జారుతుంది, తీగ వదిలేయగానే మళ్ళీ తన స్థాయికి ఎగురుతుంది. మూడు రోజుల కిందట ఇందులో ఇంత ఉందని వినబడలేదు. మాస్టారికి, ప్రతిధ్వని గారికి, టొరంటో గారికి ఎంతో రుణపడి ఉన్నాను.

మదనపల్లె_మైక్ · మే 15, సాయంత్రం 6:40

చర్చ మొత్తం చదివాను, మంచి పని జరిగింది. నాది ఇలాంటి పెడలే, కొన్నది. ట్యూనర్ పెడల్ తరువాత పెడితే ఈల మొండిగా ఒకేచోట ఉంటుంది, గిటారు వాల్యూమ్ తిప్పినా కదలదు. ఇందులో కూడా లీకేజీ ఉందా?

టొరంటో_టోన్ · మే 15, రాత్రి 8:10

లీకేజీ కాదండీ, మీ ట్యూనర్‌లో బఫరు ఉండి ఉంటుంది. బఫరు గిటారును ఫజ్ నుంచి వేరు చేస్తుంది, పికప్, వాల్యూమ్ పాట్ ఇక ఫజ్‌కు కనిపించవు. గిటారు నుంచి నేరుగా ఫజ్‌కు, ఫజ్ తరువాత ట్యూనర్‌కు కలిపి చూడండి. వా పెడల్ ఉంటే దాన్నీ వెనక్కే జరపండి. వా ముందుంటే కొన్ని ఫజ్‌లు దానితో కలిసి వేరే కీచు మొదలుపెడతాయి.

మదనపల్లె_మైక్ · మే 15, రాత్రి 8:55

మార్చాను. గిటారు వాల్యూమ్‌తో ఈల కదులుతోంది. ధన్యవాదాలు.

శ్రుతిపెట్టె · మే 16, ఉదయం 7:05

బెజవాడ గారూ, మీ బోర్డు అమరిక బొమ్మ గీసి పెట్టగలరా? ముఖ్యంగా అవుట్‌పుట్ తీగ ఏ దారిన తిప్పారో, సాకెట్లు ఎటు తిరిగి ఉన్నాయో కావాలి. మా పెదనాన్నగారి రేడియో తెరిచాను. స్పీకరు కాయిలు తెగిపోయింది, ట్రాన్స్‌ఫార్మరు తుప్పు పట్టింది, ఇక మోగదు. అందులో ఏసీ128లు రెండున్నాయి. డయోడ్ గుర్తు మీద 0.19, 0.21 చూపిస్తున్నాయి.

బెజవాడ_తీగలు · మే 16, ఉదయం 7:30

ఈ రాత్రికి గీసి పెడతాను. అందాకా ఆ రెండింటికీ 2.47 కె పరీక్ష చేసి అంకెలు రాయండి, ఏది ముందు పెట్టాలో చూద్దాం.